ఐదవ తరగతిలో కృత్యమే పాఠము కావలెను

ప్రాథమిక పాఠశాలలో బాలబాలికలు గడుపు తుది సంవత్సరము ఐదవ తరగతి. అక్షరములు గుర్తించుట, అంకెలు కూడుట మొదలగు తొలి శ్రమలు ముగిసి, చదివినదానిని గురించి ఆలోచించుటకును, చూచినదానిని తమ మాటలతో వ్రాయుటకును, కొలిచి లెక్క తేల్చుటకును పిల్లల మనస్సు సిద్ధమగు కాలమది. మరుసటి యేడు ఆ పిల్లలే ఉన్నత పాఠశాల మెట్లెక్కి, గంటగంటకు ఉపాధ్యాయుడు మారు తరగతిలో కూర్చుందురు. భిన్నములు రానివారికొరకు అచట బీజగణితము ఆగదు. ఇంతటి సంధికాలమును మన పాఠశాలలు ప్రశ్నోత్తరముల వల్లెవేతకును, ప్రవేశపరీక్షల శిక్షణకును, ఇంట పెద్దలు చేసి యిచ్చిన ప్రాజెక్టు అట్టలకును ధారపోయుచున్నవి. ఈ స్థితి మారవలెననియు, ఐదవ తరగతి గదిలో కృత్యము పాఠమునకు అలంకారముగా గాక పాఠముగనే నడువవలెననియు మా నిశ్చితాభిప్రాయము.

ఇది క్రొత్తగా పుట్టిన కోరిక కాదు. 1937లో వార్ధా విద్యా సమ్మేళనమున గాంధీజీ చేతిపని మూలముగా చదువు సాగవలెనని ప్రతిపాదించినది మొదలు ఈ భావము దేశమున చర్చలో నున్నది. 1980వ దశకమున బ్రిటిషు ప్రభుత్వ సహాయముతో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము ఆరు సూత్రములను ఉపాధ్యాయుల ముందుంచినది: అభ్యసన కృత్యములను ఉపాధ్యాయుడే కల్పించుట, చేయుట, కనుగొనుట, ప్రయోగించుటల ద్వారా నేర్పుట, ఒంటరిగను, జట్లుగను, తరగతి మొత్తముగను పని చేయించుట, పిల్లలలోని వైయక్తిక భేదములను గమనించుట, స్థానిక పరిసరములను వినియోగించుట, పిల్లల పనిని ప్రదర్శించి తరగతి గదిని ఆకర్షణీయముగ తీర్చుట. పిదప 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము, తన 29వ సెక్షనులో, కృత్యములచేతను అన్వేషణచేతను శిశుకేంద్రకముగా విద్య సాగవలెననియు, పిల్లలను భయాందోళనలనుండి విముక్తులను చేయవలెననియు శాసించినది. కావున కృత్యము నడపని తరగతి చట్టము మాటను మీరుచున్న తరగతియే యగును. మనకు కొరవడినది సిద్ధాంతము కాదు, ఆచరణ.

ఆచరణలో ఏమి జరుగుచున్నదో చూతము. పాఠ్యపుస్తకములలో ప్రాజెక్టు పని అను శీర్షిక కలదు. నిర్మాణాత్మక మూల్యాంకనమున దానికి మార్కులును కలవు. మీ ఊరి నీటి వనరులను గూర్చి వివరములు సేకరింపుమని పుస్తకము చెప్పినచో, ఉపాధ్యాయుడు దానిని ఇంటిపనిగా అప్పగించును. ఇంట అన్నయో అక్కయో గైడునుండి నాలుగు పంక్తులు ఎత్తి వ్రాయుదురు. బజారులో అమ్ము బొమ్మల షీటునుండి ఒక చెరువు, ఒక బావి కత్తిరించి అట్టకు అంటింతురు. తన ఊరి చెరువుకట్టపై కాలు మోపకయే ఆ బాలుడు మార్కులు పొందును. అట్ట గోడకెక్కును, ఫొటో అధికారులకు చేరును, రికార్డు నిండును. ఎవరికిని ఏమియు తెలియదు. వల్లెవేత కంటె ఇది మరింత హానికరము. ఏలయన వల్లెవేతలో కనీసము పద్యమో ఎక్కమో నోట నిలుచును, ఇందులో పని చేయకయే చేసినట్లు చూపు విద్య యొక్కటే అలవడును.

నిజమైన కృత్యమునకు వ్యయము స్వల్పము, ఆలోచన అధికము. మూడవ వంతు పెద్దదా, నాలుగవ వంతు పెద్దదా అని అడిగిన, మూడు కంటె నాలుగు పెద్దది గనుక నాలుగవ వంతే పెద్దదని చెప్పు పిల్లలు ప్రతి ఐదవ తరగతిలోను ఉందురు. నియమమును పదిసార్లు వ్రాయించుటచేత ఆ భ్రమ తొలగదు. ఒకే కొలతగల రెండు కాగితపు పట్టీలలో ఒకదానిని మూడుగను, వేరొకదానిని నాలుగుగను మడిచి ప్రక్కప్రక్కన పెట్టిననాడు తొలగును. చుట్టుకొలతను, వైశాల్యమును కలగాపులగము చేయువారికి 20 అగ్గిపుల్లలిచ్చి, అన్నిటిని వాడి దీర్ఘచతురస్రములు పేర్చుడని చెప్పవలెను. తొమ్మిది పుల్లల పొడవు, ఒక పుల్ల వెడల్పు గలదానిలో పుల్లంత భుజముగల గళ్ళు 9 మాత్రమే పట్టును. ఎనిమిది, రెండుగా పేర్చిన 16 పట్టును. అన్ని వైపులను అయిదేసి పుల్లలుంచిన 25 పట్టును. చుట్టుకొలత మారకుండగనే వైశాల్యము మారుటను స్వయముగ కనుగొన్న పిల్లలు ఆ రెండింటి భేదమును సూత్రము చెప్పకమునుపే గ్రహింతురు.

పరిసరాల విజ్ఞానమునకు ఊరే ప్రయోగశాల. రెండు జట్లు ఒకే వీధి పటమును గీచి తెచ్చినపుడు, ఒకదానిలో చేతిపంపు కుడివైపునను వేరొకదానిలో ఎడమవైపునను ఉన్నచో, అచటనే దిక్కులను గూర్చిన పాఠము మొదలగును. ముప్పది యేండ్ల క్రితము ఊరి బావులలో నీరు ఎంత లోతున నుండెడిదో తాతను, నాయనమ్మను అడిగి వ్రాసికొని వచ్చిన పిల్లలు, ఇరువురు పెద్దలు చెప్పినవి పొసగనపుడు ఏది నమ్మవలెనని తమలో తాము వాదింతురు. తెలుగు తరగతిలో పిల్లలే నడపు గోడపత్రిక ఒక్కటి చాలును: తోటివారు చదువుదురను ఎరుక కలిగినపుడు ఒత్తును, దీర్ఘమును సరిచూచుకొను శ్రద్ధ దానంతటదే పుట్టును.

అయితే కృత్యము ముగియగానే గంట కొట్టి పుస్తకములు మూసినచో అది ఆటగనే మిగులును. ఏమి చూచితిరి, ఎందుకట్లయినది, మరియొక విధముగ చేసిన ఏమగును అని ఉపాధ్యాయుడు ప్రశ్నించి, పిల్లలచేత చెప్పించి, వ్రాయించినపుడే అది విద్య యగును. కృత్యవాదులమని చెప్పుకొనువారిలో పలువురు ఈ చివరి భాగమును విస్మరించుటచేతనే ఈ పద్ధతికి అపఖ్యాతి వచ్చినది.

పాఠ్యప్రణాళిక పూర్తికాదని కొందరు ఆక్షేపింతురు. ఒకటవ తరగతినుండి ఐదవ తరగతివరకు ఏడాదికి 200 పనిదినములను, 800 బోధన గంటలను చట్టము నిర్దేశించినది. కాలము లేదనుట సబబు కాదు. అంతకంటె ముఖ్యము, పూర్తిచేయుట యన నేమి? పిల్లల విద్యాస్థితిని తెలుపు 2024 అసర్ సర్వే నివేదిక ప్రకారము గ్రామీణ భారతమున ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి స్థాయి పాఠమును చదువగలవారు సగము మందికి మించలేదు. చదువ నేరని పిల్లల యెదుట చివరి పాఠమువరకు పుటలు త్రిప్పుట ఉపాధ్యాయుని డైరీకి పూర్తి కావచ్చును గాని, బాలునికి కాదు. ఎక్కములు, దస్తూరి, పద్యధారణ అక్కరలేదని మేము చెప్పుట లేదు; అర్థమైన పిదప చేయు అభ్యాసము నిలుచును, అర్థము కాకమునుపు చేయునది నిలువదని మాత్రమే చెప్పుచున్నాము.

ప్రవేశపరీక్షల ఒత్తిడియు తక్కువది కాదు. నవోదయ విద్యాలయముల ఆరవ తరగతి ప్రవేశపరీక్షలో రెండు గంటలలో 80 ప్రశ్నలు. వానిలో సగము మానసిక సామర్థ్యమునకు సంబంధించినవి. ఒక్కొక్క విద్యాలయమున ఆరవ తరగతిలో చేర్చుకొనునది గరిష్ఠముగ 80 మందిని. బీద కుటుంబమునకు ఆ సీటు ఎంతటి ఆశయో మేమెరుగుదుము, ఆ ఆశను నిందింపము. కాని జిల్లాలో ఆ కొద్ది మందికి దక్కు అవకాశము కొరకు తరగతి యెల్లను ఏడాది పొడవున బొమ్మల వరుసలలో భిన్నమైనదానిని గుర్తించు పనిలో నుంచుట అన్యాయము. కోరినవారికి బడి వేళల తరువాత శిక్షణ నీయవచ్చును. బడి గంటలు మాత్రము పిల్లలందరివి.

విద్యాహక్కు చట్టమునకు 2019 నాటి సవరణయు, 2024 డిసెంబరులో కేంద్రము ప్రకటించిన నియమములును ఐదవ తరగతి చివర పరీక్ష పెట్టి, రెండు నెలలలో మరల జరుపు పరీక్షలోను తప్పినవారిని అదే తరగతిలో నిలుపుటకు వీలు కల్పించినవి. నిర్ణయము రాష్ట్రములది. ఉభయ తెలుగు రాష్ట్రములును ఈ దారి త్రొక్కరాదు. అయిదేండ్లు నేర్పని లోపమునకు పదియేండ్ల పిల్లను శిక్షించుట న్యాయము కాదు; పైగా నిలుపుదల భయము ప్రవేశించిన తరగతిలో మొదట అంతరించునది కృత్యమే.

ఉపాధ్యాయుల ఇబ్బందిని మేము మరువలేదు. 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులే చాలునని చట్టమే చెప్పుచున్నది. అనగా అయిదు తరగతులు ఇద్దరి పాలు. మూడు తరగతులను ఒకే గదిలో కూర్చుండబెట్టి నడపు పంతులమ్మకు జట్టుపని ఒక విధముగ ఆధారమే యగును గాని, దానిని సిద్ధపరచు వ్యవధి ఆమెకు ఉండవలెను. ఆ వ్యవధిని నేడు యాపులు, హాజరు ఫొటోలు, నివేదికలు హరించుచున్నవి.

కావున ప్రభుత్వములకు మా సూచనలు స్పష్టము. ప్రాజెక్టు పనిని ఇంటికి పంపుట నిషేధించి, బడి గంటలలోనే చేయించవలెను. తనిఖీకి వచ్చు అధికారి రికార్డులను ప్రక్కన పెట్టి, పిల్లలను పిలిచి ఈ పని ఎట్లు చేసితిరని అడుగవలెను. ఐదవ తరగతికి ప్రత్యేకముగ ఒక ఉపాధ్యాయుని కేటాయింపవలెను. బోధనేతర భారమును తొలగింపవలెను. తల్లిదండ్రులును పిల్లల ప్రాజెక్టులను తాము చేయుట మానవలెను. వంకరగా గీచిన పటమైనను పిల్లలు గీచినదే విలువైనది. రాబోవు విద్యాసంవత్సరము ఆరంభమునకు పూర్వమే ఈ ఉత్తర్వులు వెలువడవలెనని రెండు ప్రభుత్వముల విద్యాశాఖలను కోరుచున్నాము.