కొండమీది ఫెర్న్‌ను కొండమీదే ఉండనిద్దాం



శీతాకాలం వచ్చిందంటే మన ప్రాంతపు పాఠశాలల నుంచి అరకు విహారయాత్రకు వెళ్లడం మామూలే. తిరిగి వచ్చేటప్పుడు ఎవరో ఒకరి సంచిలో వేళ్లతో పీకిన ఫెర్న్ మొక్క కనిపిస్తుంది. గట్టిగా మందలించడానికి నాకు నోరు రాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఆ పనే చేశాను. నక్కపల్లిలో మా అరుగు మీద కుండీలో నాటి, రోజూ చెంబెడు నీళ్లు పోశాను. నెల తిరగకుండానే ఆకులన్నీ ఎండి రాలిపోయాయి.

నీళ్లు పోసినా మొక్క ఎందుకు చనిపోయింది? ఫెర్న్‌కు నీరు మట్టిలో ఉంటే చాలదు, గాలిలోనూ ఉండాలి. దాని వేళ్లు సన్ననివి, పైమట్టిలోనే ఉంటాయి. ఆకులు పలుచనివి. బాష్పోత్సేకం వల్ల ఆకులు కోల్పోయే నీటిని ఆ వేళ్లు వెంటవెంటనే అందించలేవు. పీకినప్పుడు సగం వేళ్లు తెగిపోతాయి కూడా. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ చల్లదనం, పొగమంచు, చెట్లనీడ ఉన్నాయి. “మనకు సముద్రం దగ్గరే కదా, తేమకేం తక్కువ?” అని మీరు అడగవచ్చు. నిజమే. కాని మే నెలలో పడమటి వడగాలి వీచినప్పుడు ఆ తేమ ఏమవుతుందో మీకు తెలుసు.

అలాగని మన ఊళ్లో ఫెర్న్ పెంచకూడదని నేను అనను. కడియం వంటి చోట్ల నర్సరీలలో పెంచిన నెఫ్రోలెపిస్ మొక్కను కొనండి. మట్టి, ఇసుక, ఆకు ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి, అడుగున రంధ్రమున్న కుండీలో నాటండి. ఆరుబయట అయితే ఉత్తరపు వరండాలోనో, చెట్టునీడనో ఉంచండి. ఇంట్లో అయితే కిటికీ దగ్గర ఉంచండి. ఫ్యాను గాలి మాత్రం తగలకూడదు. గులకరాళ్లు పరిచిన పళ్లెంలో నీళ్లు పోసి, ఆ రాళ్ల మీద కుండీని పెడితే చుట్టూ తేమ ఉంటుంది. ఆ నీటిని రెండు మూడు రోజులకొకసారి పారబోయకపోతే దోమలు పెరుగుతాయి, జాగ్రత్త! వేలితో తాకి చూసి, పైమట్టి ఆరుతున్నప్పుడే నీళ్లు పోయండి. బావినీరు ఉప్పగా ఉంటే వాననీరు పట్టి వాడండి.

ఆకుల అడుగున వరుసగా గోధుమరంగు చుక్కలు కనిపిస్తే పురుగని భయపడి మందు చల్లకండి. అవి సిద్ధబీజాశయాల గుంపులు. ఫెర్న్‌కు పువ్వు, విత్తనం లేవు. సిద్ధబీజాలే దాని సంతానానికి ఆధారం.

1829లో లండన్ వైద్యుడు నథానియేల్ వార్డ్ ఒక పురుగు ప్యూపాను తడిమట్టితో సీసాలో పెట్టి మూత వేశాడు. ఆ నగరపు పొగకు ఆయన తోటలో ఫెర్న్‌లు బతికేవి కావు. అటువంటిది, ఆ సీసాలో ఒక ఫెర్న్ తనంతట తానే మొలిచింది! మట్టిలోని సిద్ధబీజానికి కావలసిన తేమ మూసిన సీసాలో దొరికింది. తరువాత ఇంగ్లండులో ఫెర్న్‌ల మీద మోజు ఎంత ముదిరిందంటే, జనం అడవుల మీద పడి తవ్వుకుపోయారు. కొన్ని అరుదైన జాతులు చాలాచోట్ల కనబడకుండా పోయాయి. మొక్కల మీద ప్రేమే మొక్కలకు ముప్పు అయింది.

మనకు ఆ పాఠం చాలు. పాత బావి గోడలలో, తడి ఇటుకల సందులలో పెరిగే ఫెర్న్‌లను వెదకండి. బావి దగ్గరికి మాత్రం పెద్దవారితోనే వెళ్లండి. చుక్కలు ముదిరిన ఆకు ముక్క ఒక్కటి తుంచి, రెండు రోజులు కాగితంలో మడిచి ఉంచండి. రాలిన పొడిని, మరిగిన నీళ్లు పోసి చల్లార్చిన మట్టి మీద చల్లి, గాజుసీసాలో మూసి నీడన పెట్టండి. కొన్ని వారాలకు పచ్చని పొర, ఆపైన హృదయాకారపు చిన్న ప్రోథాలస్‌లు కనిపిస్తాయి. వాటిపై నీటి పొర ఉంటేనే పురుష బీజకణాలు ఈది స్త్రీ బీజకణాన్ని చేరతాయి. పుస్తకంలో మీరు గీసే బొమ్మ మీ కళ్ల ముందే పెరుగుతుంది.

దీనికి నెలల ఓపిక కావాలి. పీకడానికి ఒక్క నిమిషం చాలు. ఈసారి అరకు వెళ్లినప్పుడు ఫెర్న్ పక్కన కూర్చుని, ఆకు తిప్పి చూసి, బొమ్మ గీసుకుని రండి. మొక్కను మాత్రం అక్కడే ఉండనివ్వండి.