శోకగీతాలూ, సుఖనిద్రా

పాశ్చాత్య సంగీతంలో కొత్తగా వెలువడే ఆల్బముల పట్టిక తిరగవేస్తే రెండు వరసలు కనిపిస్తాయి. ఒక వరసలో చిల్ ఔట్ సంగీతం. పగలంతా పనిచేసి అలసినవాడు కాళ్లు బారజాపుకుని వినడానికన్నమాట. రెండో వరసలో సింఫనీలు. వీటిని నిటారుగా కూర్చుని, చెవి ఒగ్గి వినాలట. ఒకటి విశ్రాంతి, మరొకటి వ్యాసంగం! ఈ విభజన ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

విశ్రాంతి సంగీతానికి ఒక దారి వేసినవాడు ఇంగ్లండుకు చెందిన బ్రయన్ ఈనో. 1975లో ఆయన ప్రమాదానికి గురై మంచం పట్టాడు. స్నేహితురాలు తెచ్చిన హార్ప్ సంగీతపు రికార్డు పెట్టుకున్నాడు. ధ్వని బొత్తిగా తక్కువ; లేచి పెంచుకునే ఓపిక లేదు. బయట వాన. ఆ చినుకుల చప్పుడులో కలిసి సంగీతం వినిపించీ వినిపించనట్టుంది. గదిలో వెలుతురు ఉన్నట్టే సంగీతమూ ఊరికే ఉండవచ్చునని ఆయనకు తోచింది. 1978లో “మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్” వెలువరించాడు.

ఇక రెండో వరసకు వద్దాం. పోలండు దేశపు స్వరకర్త హెన్రిక్ గురెట్స్కీ 1976లో తన మూడవ సింఫనీ రచించాడు. దానికి “శోకగీతాల సింఫనీ” అని పేరు. అతి మంద్రంగా పలికే డబుల్ బాస్ వాద్యాలతో మొదలై, ఒక్కొక్క శ్రుతే పైపైకి చేరుతూ, నెమ్మదిగా గాయని గొంతు దాకా వస్తుంది. అంతకుముందూ రికార్డులు వచ్చాయిగాని జనం అంతగా పట్టించుకోలేదు. 1992లో డేవిడ్ జిన్మన్ నిర్వహణలో, డాన్ అప్‌షా గానంతో లండన్ సిన్ఫోనియెట్టా రికార్డు వెలువడింది. 1993లో బ్రిటనులో సినిమా పాటలూ, పాప్ పాటలూ పోటీపడే పట్టికలో ఆరవ స్థానానికి ఎక్కి కూర్చుంది! మొత్తం మీద పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. ఎందరో దాన్ని సేద దీరడానికే విన్నారు.

ఆ పాటల్లో ఉన్నదేమిటి? మొదటిది కుమారుని కోసం మేరీమాత విలాపం. మూడవది, పోరాటంలో పోయిన కొడుకును వెతుక్కునే తల్లి పాట. నడుమనున్నది 1944లో జకొపానే పట్టణంలో నాజీల చెరలో ఉన్న 18 ఏళ్ల పిల్ల, తల్లిని ఓదారుస్తూ గోడమీద గీసిన మాటలు.

చెరసాల గోడమీది మాటలు వింటూ హాయిగా కునుకు తీయడమా అని కొందరు ఈసడించారు. తొందరపడనక్కరలేదు. కరుణరసం కూడా ఆనందమే ఇస్తుందని మన ఆలంకారికులు ఏనాడో తేల్చారు. గుండె బరువు దిగితేగాని నిద్ర రాదుగదా! అయితే బరువేమిటో తెలియకుండా దించుకోవడం ఎలా? సంగీతం మెత్తగా ఉన్నంత మాత్రాన అందులోని మాట మెత్తనిది కాదు.

ఇప్పుడు గోడ అటువైపు నుంచి కూడా కూలింది. సింఫనీలకు పేరుమోసిన డాయిష్ గ్రామఫోన్ సంస్థ 2015లో మాక్స్ రిక్టర్ రచించిన “స్లీప్” విడుదల చేసింది. ఎనిమిది గంటలకు పైబడిన ఈ రచన నిద్రపోతూ వినడానికే! కచేరీలలో శ్రోతలకు కుర్చీలకు బదులు పక్కలు వేశారు. జోలపాటకు నీలాంబరి ఉన్న మనకు ఇది మరీ వింతేమీ కాదు.

రిక్టర్‌ను వింటూ నిద్రపోండి. ఆయన కోరిందీ అదే. గురెట్స్కీని మాత్రం ఒక్కసారి, పాటల అర్థం ముందు పెట్టుకుని, ఆ యాభై చిల్లర నిమిషాలూ మేలుకుని వినండి. తరువాత కళ్లు మూసుకు విన్నా, ఆ పిల్ల గొంతు మీతోనే ఉంటుంది.