గుమ్మం దగ్గర ఆపిందెవరు?

పోయిన ఏడాది ఒక సమావేశానికి నాసిక్ వెళ్ళినప్పుడు సంఘం వాళ్ళం నలుగురం పంచవటిలోని కాలారామ్ గుడికి పోయాం. నల్లరాతి గుడి, నల్లరాతి రాముడు, దగ్గర్లోనే గోదావరి. శూర్పణఖ ముక్కు కోసిన చోటు కాబట్టే నాసిక్ అన్న పేరొచ్చిందని స్థలపురాణం. ఒక ఆడదానికి వేసిన శిక్ష ఊరి పేరై నిలిచినా ఎవరికీ వింతగా తోచదు!

నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. "మీరు వెళ్ళిరండి, నాకు దేవుడంటే నమ్మకం లేదుగా" అన్నాను. మాతో ఉన్న దళిత మిత్రురాలు నా మొహంలోకి చూసి, "నమ్మకం లేక ఆగావా అక్కా, బయట ఉన్నావని ఆగావా?" అంది.

నిజం రెండోదే. ముట్టు మైల కాదని ఇరవై ఏళ్ళుగా ఊరూరా చెబుతున్నదాన్ని. ఆ రోజు ఏ పూజారీ నన్ను అడ్డుకోలేదు. చిన్నప్పుడు మా అమ్మమ్మ వెనక వసారాలో గీసిన గీతే అక్కడిదాకా నా వెంట వచ్చింది. దానికి నాస్తికత్వం ముసుగు వేశాను.

ఆ గుమ్మం మామూలు గుమ్మం కాదు. 1930 మార్చిలో అంబేద్కర్ నాయకత్వాన దళితులు అక్కడ సత్యాగ్రహం చేశారు. మొదటి జట్టులో 125 మంది మగవాళ్ళు, 25 మంది ఆడవాళ్ళు నాలుగు ద్వారాల దగ్గరా బైఠాయించారు. తలుపులు మూసేశారు గానీ లోపలికి రానివ్వలేదు. ఆ 25 మంది గురించి మన శిక్షణ తరగతుల్లో ఎన్నిసార్లు చెప్పుకున్నాం? తలుపుకి అవతలివైపు నిలబడ్డ ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు నాలాంటి కులాల వాళ్ళే.

"గుడి ప్రవేశం కూడా ఒక ఉద్యమమేనా? మనకి భూమి, కూలి, హింస ముఖ్యం కదా" అని మనలోనే కొందరంటారు. విగ్రహారాధన కోసం కాదు, తమ స్థితి ఏమిటో దళితులకు తెలిసొచ్చి వాళ్ళలో కదలిక రావాలని ఆ పోరాటం మొదలుపెట్టానని 1934లో అంబేద్కరే రాశారు. 1935లో అదే జిల్లా యేవలాలో, హిందువుగా చావనని ప్రకటించారు. అక్కర్లేదనే హక్కు కూడా, తలుపు తెరుచుకోవాలని అడిగినవాళ్ళకే ఉంటుంది.

గోదావరి పుట్టిన త్ర్యంబకంలో 2016లో ఏం జరిగింది? మగవాళ్ళు వెళ్ళే గుళ్ళోకి ఆడవాళ్ళు వెళ్ళకూడదనే చట్టం ఏదీ లేదని బొంబాయి హైకోర్టు చెప్పింది. ఆడవాళ్ళని గర్భగుడిలోకి రానివ్వడానికి బదులు అక్కడ మగవాళ్ళకీ ప్రవేశం ఆపేశారు! తర్వాత పొద్దున్నే ఒక గంట, అదీ తడిబట్టలతో రమ్మన్నారు. ఇది భక్తి గొడవ కాదు. ఎవరి శరీరం శుద్ధమో తేల్చే అధికారం ఎవరిదన్న గొడవ. కులాన్నీ ముట్టునీ కాపలా కాసేది ఆ అధికారమే.

నేను చెప్పులు విడిచి లోపలికి నడిచాను. దండం పెట్టలేదు. ఎవరి మీదా పిడుగు పడలేదు.

ఈసారి తరగతిలో ఊళ్ళో ఆడవాళ్ళని ప్రశ్నించే ముందు మనల్ని మనం అడుగుదాం: మన ఇంట్లో ఆ గీత ఎక్కడుంది? దాన్ని చెరిపేశామా?