మాత్రలు లెక్కెట్టారు, పురుగుల్ని లెక్కెట్టారా?

ఏటా ఫిబ్రవరి 10న బడిలో, అంగన్‌వాడీలో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర మింగిస్తున్నారు. 2015లో మొదలైన కార్యక్రమమిది. శ్రీకాకుళం, విజయనగరం బోదకాలు జిల్లాలు కూడా గనక పెద్దోళ్లమూ డిఇసితో కలిపి ఇదే మాత్ర మింగి ఉన్నాం.

"మింగీసినాం కదా, మరేటి?" అంటారు పేటలో అమ్మలు. సాయంత్రానికి పంచిన మాత్రల లెక్క పైకి పోతుంది. పురుగు చచ్చిందో లేదో ఆ కాగితంలో ఉండదు. చేతికిచ్చిన మాత్రలన్నీ నోట్లోకి పోయాయా అన్నది ఇంకో ప్రశ్న!

జీవాలు కాసేవాళ్లని అడగండి. నట్టల మందు తాగించాక కూడా గొర్రెకి దవడ కింద నీరు దిగితే, పురుగు మందుకి అలవాటు పడిపోనాదంటారు. ఆల్బెండజోల్ కుటుంబంలోదే అయిన థయాబెండజోల్ 1961లో వచ్చింది. 1964కల్లా దానికి లొంగని గొర్రె పురుగులు బయటపడ్డాయి. నిజానికి అలవాటు కాదది. వేలల్లో ఏ కొన్నో పుట్టుకతోనే మందుకి లొంగవు. మిగతావి చస్తే, వాటి గుడ్లే నేల మీద పడతాయి.

మనుషుల్లో మాత్ర ఓడిపోయిందని మేం అనడం లేదు. పిల్లలకి తప్పక మింగించండి. చూడమని మాత్రమే అడుగుతున్నాం. మాత్రకు ముందొకసారి, రెండు మూడు వారాలకు మరోసారి మలం తీసి, సూక్ష్మదర్శినిలో గుడ్లు లెక్కించాలి. ఏలికపాము గుడ్లు నూటికి 95, కొంకి పురుగు గుడ్లు 90 అయినా తగ్గాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. అంతకన్నా తక్కువైతే మాత్ర నాసిరకమా, మింగలేదా, పురుగే మొండికెత్తిందా అని తేల్చాలి. ఆరు నెలలకు మళ్లీ పురుగు కనబడితే మాత్రం ముందుగా మందుని తిట్టకండి. మరుగుదొడ్డి లేని పేటలో అది నేలలోంచి మళ్లీ ఎక్కి ఉంటుంది.

కొంకి పురుగు ఉత్త కాళ్ల తోలులోంచి దూరి, పేగు పట్టుకుని నెత్తురు తాగుతుంది. చెప్పుల్లేకుండా తడి నేలలో నడిచేదెవరు? ఊడ్పుల్లో బురదలో నిలబడేదెవరు? మన ఆడోళ్లు, మన గుంటలు. నెత్తురు లేదని కాన్పు వేళ భయపడేదీ వాళ్లే. మందు పని చెయ్యకపోతే ముందు తెలియాల్సింది మనకి.

ఈసారి మాత్రలు పట్టుకొచ్చిన ఆశమ్మని కసురుకోకండి, ఆమె చేతిలో ఏమీ లేదు. పీహెచ్‌సీ డాక్టరుగారికి కాగితం రాసి ఇవ్వండి: మా పేటలో మలపరీక్ష ఎప్పుడు చేస్తారు, గుడ్లు నూటికి ఎంత తగ్గాయి, ఆ లెక్క గ్రామసభలో తెలుగులో ఎప్పుడు చదువుతారు? జవాబు వచ్చినా, రాకపోయినా మాకు రాయండి.