సంపాదకుని మాట: తేటనీటిలో క్లోరోఫాం

క్రిములను సంహరించి కోట్లకొలది ప్రాణములను నిలిపిన క్లోరిను, కుళ్ళిన ఆకులలములనుండి నదీజలములలోనికి దిగిన సేంద్రియ పదార్థములతో కలిసినప్పుడు క్లోరోఫాంను పుట్టించునని 1974లో రాటర్‌డామ్ నగరపు నీటి సరఫరా రసాయనవేత్త యొహానెస్ రూక్ వెల్లడించుటతో, కంటికి తేటగా కనబడు నీటియందును పరీక్షింపవలసినది ఎంతయో కలదని లోకమునకు తెలిసినది. ఆ పరీక్షకు నేడు వాడుకలోనున్న గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీల జంటపద్ధతిని గూర్చినదే ఈ సంచికలోని ప్రధానవ్యాసము.

నమూనా పట్టు సీసాలో గాలిబుడగ యొక్కటియైన మిగులరాదు. మిగిలెనా, క్లోరోఫాం నీటిని విడిచి దానిలో చేరును. ప్రయోగశాలయందు హీలియం వాయువు ఆ బాష్పశీల ద్రవ్యములను నీటినుండి వెలికిదీయగా, వెంట్రుకవంటి సన్నని రంధ్రముగల పొడవైన నాళము వానిని ఒకదానివెనుక నొకటిగా వేరుచేయును. పిమ్మట ఎలక్ట్రానుల తాకిడికి అణువులు ఛిన్నమై తమ శకలముల ద్రవ్యరాశులను బయటపెట్టును. 83, 85 అంకెలకడ సుమారు మూడింటికి రెండు పాళ్ళలో జంటశిఖరములు లేచెనా, అది రెండు క్లోరిను పరమాణువులుగల శకలము, క్లోరోఫాం చేవ్రాలు. (ఇంతటి యంత్రమునకును సీసా పట్టినవాని అజాగ్రత్తను సరిదిద్దు శక్తి లేదు.)

అమెరికా 1979లో క్లోరోఫాం మొదలగు ఇట్టి నాలుగు ద్రవ్యముల మొత్తమునకు లీటరుకు 0.10 మిల్లీగ్రాముల హద్దు విధించినది; మన ఐ.ఎస్. 10500 ప్రమాణము క్లోరోఫాం ఒక్కదానికే 0.2 మిల్లీగ్రాములు అనుమతించుచున్నది. అంతమాత్రమున క్లోరినును మానుట కలరాను పిలుచుటయే యగును. క్లోరిను కలుపుటకు మునుపే సేంద్రియ మలినమును తొలగింపవలెనని మా వ్యాసకర్త వాదము, మాకును అదియే సమ్మతము.