కేసులు కొట్టేశారు.. మరి మచ్చ సంగతేంటి?

తబ్లీగీ జమాత్‌కు సంబంధించిన 16 కేసులను ఢిల్లీ హైకోర్టు 2025 జూలై 17న కొట్టేసింది. కరోనా లాక్‌డౌన్ వేళ విదేశీ జమాతీలకు మసీదుల్లో, ఇళ్లలో ఆశ్రయం ఇచ్చారంటూ 70 మంది భారతీయులపై పెట్టిన కేసులివి. లాక్‌డౌన్‌తో ఎటూ కదల్లేక ఆగిపోయిన ఈ మనుషులు వైరస్‌ను వ్యాపింపజేశారనడానికి ఆధారం లేదని జస్టిస్ నీనా బన్సల్ కృష్ణ తేల్చారు. నింద వేయడానికి ఒక్క రోజు చాలింది. అందులో పస లేదని తేలడానికి ఐదేళ్లు పట్టింది.

2020 మార్చి మధ్యలో నిజాముద్దీన్ మర్కజ్‌లో వేలాది మంది చేరారు. అక్కడికి వెళ్లొచ్చిన ఆరుగురు కరోనాతో చనిపోయారని తెలంగాణ ప్రభుత్వం మార్చి 30న ప్రకటించింది. వెళ్లొచ్చినవాళ్లు పరీక్షలు చేయించుకోవాలని కోరడంలో తప్పు లేదు. ఆ రోజుల్లో అంతమందిని ఒకచోట చేర్చడం సరికాదని ముస్లింలలోనూ చాలామంది అన్నారు. కానీ ఒక సమావేశంలో జరిగిన పొరపాటుకు మొత్తం సమాజాన్ని బోనెక్కించడం వేరే సంగతి. 'కరోనా జిహాద్' మాట ట్విట్టర్‌లో ట్రెండ్ అయింది. కేంద్రం రోజువారీ లెక్కల్లో జమాత్ కేసులను విడిగా చెప్పింది. కూరగాయలు అమ్ముకునే ముస్లింలను వీధుల్లోకి రానివ్వని ఘటనలు పలు రాష్ట్రాల్లో జరిగాయి.

దీనివల్ల లాభం ఎవరికి? ఆస్పత్రుల్లో పడకలు ఎన్ని, రోజుకు పరీక్షలు ఎన్ని, కాలినడకన సొంతూళ్లకు పోతున్న కూలీల గతేంటి అని అడగాల్సిన సమయంలో, 'ఎవరు అంటించారు' అన్న దగ్గరే చర్చ ఆగిపోయింది. జవాబు చెప్పాల్సినవాళ్లు తప్పించుకున్నారు. బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ 2020 ఆగస్టు 21నే ఈ గుట్టు విప్పింది. విపత్తు వచ్చినప్పుడు ప్రభుత్వం బలిపశువును వెతుక్కుంటుందని, ఈ విదేశీయులను అలాగే ఎంచుకుని ఉండవచ్చని చెబుతూ 29 మందిపై ఎఫ్‌ఐఆర్‌లను రద్దు చేసింది. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ కోర్టు మరో 36 మందిని నిర్దోషులుగా వదిలేసింది. ఈలోగా కోలుకున్న జమాతీలు వేరే రోగుల కోసం ప్లాస్మా ఇవ్వడానికి ముందుకొచ్చారు.

ఇదే ఆట రేపు ఇంకో పేరుతో మొదలవుతుంది. ఎన్నికల వేళ అది మరీ ఎక్కువ. దాన్ని ఎదుర్కోవడానికి దారులు లేకపోలేదు. విద్వేష ప్రసంగాలపై ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా పోలీసులే కేసు పెట్టాలని 2023 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. జమాత్‌పై ప్రసారాల విషయంలో బెంగళూరు పౌరుల బృందం ఒకటి పట్టు వదలకుండా ఫిర్యాదు చేస్తే, 2021 జూన్‌లో వార్తా చానళ్ల ప్రమాణాల సంస్థ ఒక కన్నడ చానల్‌కు లక్ష రూపాయలు, మరోదానికి 50 వేలు జరిమానా వేసింది. చానళ్లకు అది చిన్న మొత్తమే, పైగా ఏడాది ఆలస్యం. అయినా తప్పు తప్పేనని రికార్డుల్లోకి ఎక్కింది. వీడియో, తేదీ, సమయం భద్రపరిచి, రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినందుకే అది సాధ్యమైంది. కోపంతో అదే వీడియోను పది గ్రూపుల్లో పంచితే ఆ విషానికి ఉచిత ప్రచారం చేసినట్టే.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. నింద వేసింది ఒక రాజకీయం. పొరుగింటివాళ్లు కాదు. ఒక ముఠా మాటలకు మొత్తం హిందూ సమాజాన్ని తిట్టడమంటే అదే తప్పును తిరగేసి చేయడమే. వచ్చిన కబురును ముందు నిర్ధారించుకోవాలన్న సూరా హుజురాత్ పాఠం ఇరువైపులా పనికొచ్చేదే.

అప్పట్లో రాత్రింబవళ్లు నడిచిన చర్చలు ఈ తీర్పు వచ్చినప్పుడు కనిపించలేదు. కాబట్టి ఆ మాట ఇళ్లలోంచే బయటికి వెళ్లాలి. 2020లో ఆ ఫార్వర్డ్ పంపిన ఆఫీసు స్నేహితుడికి, కాలనీ గ్రూపుకి ఇప్పుడు 70 మంది, 16 కేసులు, జూలై 17 అన్న మూడు వివరాలతో ఈ వార్త పంపితే చాలు. వాదన పెట్టుకోకుండానే సగం పని అవుతుంది.