బేనామీ ఆటగాండ్రు, జుల్మానా న్యాయము

2024-25 సంవత్సరపు ఐ-లీగు ఫుట్‌బాల్ పోటీలలో విజేత యెవరో మైదానమున తేలలేదు. ఏప్రిల్ మాసమున ఆటలు ముగియునప్పటికి గోవాకు చెందిన చర్చిల్ బ్రదర్సు వారికి 40 పాయింట్లును, ఇంటర్ కాశీ వారికి 39 పాయింట్లును ఉండెను. అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషను వారు చర్చిల్ బ్రదర్సునే విజేతలుగా ప్రకటించిరి. మూడు మాసములు గడచిన పిమ్మట, 2025 జూలై 18వ తేదీన, స్విట్జర్లాండులోని లోజాను నగరమందలి క్రీడా మధ్యవర్తి న్యాయస్థానము ఆ నిర్ణయమును త్రోసివేసి ఇంటర్ కాశీ వారే విజేతలని చెప్పెను. మన దేశమున, మన మైదానములలో జరిగిన ఆటలకు ఫలితము తెలిసికొనుటకై మనము ఆల్ప్సు పర్వతముల వైపు చూడవలసి వచ్చినది. స్వరాజ్యము వచ్చి డెబ్బది యెనిమిదేండ్లు నిండబోవుచున్న వేళ ఈ దృశ్యము మాకు సంతోషము కలిగింపలేదు.

తగవునకు మూలము గోలు కాదు, కాగితము. జనవరి మాసమున ఇంటర్ కాశీపై ఆడిన నామ్‌ధారీ జట్టువారు, హెచ్చరికల లెక్క నిండి ఆ దినమున కూర్చుండవలసిన ఆటగాని నొకనిని బరిలో దింపిరి. ఫెడరేషను వారి క్రమశిక్షణ సంఘము ఆ పాయింట్లను కాశీ వారి కిచ్చెను. అప్పీలు సంఘము వానిని మరల తీసికొనెను. లోజాను వారు తిరిగి యిచ్చిరి. ఇంతలో కాశీ వారిమీదనే వేరొక అభియోగము వచ్చినది: పోటీల నడుమ పేరు తొలగించిన విదేశీ ఆటగాని నొకనిని వారు మరల నమోదు చేయించుకొనిరట. ఇది తప్పని ఇచటి అప్పీలు సంఘమును, తప్పు కాదని లోజాను వారును తేల్చిరి. ఎవరు గెలిచిరను విషయమున మాకు పక్షపాతము లేదు. ఒకే నిబంధనను ఇంటివా రొక విధముగను పొరుగువారు వేరొక విధముగను చదువుచుండగా, క్లబ్బు నడపువాడు దేనిని నమ్మి జట్టును నిర్ణయించుకొనవలెనన్నదే మా ప్రశ్న.

ఆటకు ఈ రిజిస్టరు గొడవ యేల యని కొందరు పెద్దలు మమ్మడుగుచున్నారు. భూమిగల మా పాఠకులకు ఈ సంగతి వివరింపనక్కరలేదు. పొలమునకు రిజిస్ట్రారు కచ్చేరి యెట్టిదో పోటీకి ఆటగాండ్ర నమోదు అట్టిది. ఆటగాడు ఆస్తి కాడు, నిజమే. కాని అతడు ఏ జట్టువాడో ఒక్కచోట వ్రాసియుండి, ఆ వ్రాత అందరికిని ఒక్కటే కాకున్నచో పోటీకి అర్థము లేదు. చెడుగుడు పోటీలలో ఫైనలునాడు పట్టణమునుండి కిరాయి వస్తాదులను దింపి, ఊరి పిల్లలను గట్టుమీద కూర్చుండబెట్టు మోతుబరులను మనము చూడలేదా? అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్యయైన ఫిఫా వారి నియమములు ఈ వ్యాధికి మందు. ఒక ఆటగాడు ఒక సీజనులో మూడు క్లబ్బులకు మించి నమోదు కారాదు, రెంటికి మించి ఆడరాదు. ఒక దేశపు సంఘమునుండి వేరొక దేశపు సంఘమునకు మారినచో బదిలీ పత్రము ఉండవలెను. పదునెనిమిదేండ్లు నిండని బాలురను, కొన్ని మినహాయింపులు తప్ప, దేశము దాటింపరాదు. ఈ నియమములను మేము ఆక్షేపించుట లేదు. నియమము తప్పినవానికి పడుచున్న శిక్ష యెట్టిదన్నదే విచార్యము. ఈ విషయమున ఇంగ్లండులో 2007వ సంవత్సరమున జరిగినదానికంటె మంచి పాఠము లేదు. ఆ దేశమునుండి మనము నేర్వవలసినవి కొన్ని, నేర్వకూడనివి కొన్ని కలవు. ఇది రెండవ జాతిలోనిది.

2006 ఆగస్టు 31వ తేదీన, కొనుగోళ్లకు గడువు ముగియుచున్న దినమున, లండను నగరపు వెస్ట్‌హాం యునైటెడ్ క్లబ్బువారు కార్లోస్ తెవెజ్, హావియర్ మస్చెరానో అను ఇద్దరు అర్జెంటీనా ఆటగాండ్రను బ్రెజిలులోని కొరింథియన్స్ క్లబ్బునుండి తెచ్చుకొనిరి. ప్రపంచ కప్పు పోటీలలో ఆడివచ్చిన ఆ యువకులు అంతటి చిన్న క్లబ్బున కెట్లు చిక్కిరని లోకము ఆశ్చర్యపడెను. అసలు సంగతి తరువాత బయటపడినది. వారి ఆర్థిక హక్కులు క్లబ్బువి కావు, తెరవెనుకనున్న కంపెనీలవి. ఆటగాని నెప్పుడు ఎచటికి పంపవలెనో నిర్ణయించుటకు ఆ కంపెనీలకు అధికారమిచ్చు ఒడంబడికలు చాటున వ్రాసికొనబడినవి. మన వాడుకలో చెప్పవలెనన్న ఇది బేనామీ. పట్టా ఒకరిపేర, పంట మరియొకరిది. క్లబ్బు నడవడిని బయటివారు శాసింపరాదని ప్రీమియర్ లీగులో నియమముండగా, ఈ కాగితములను లీగువారికి చూపక దాచిరి.

2007 ఏప్రిల్ మాసాంతమున విచారణ జరిగెను. క్లబ్బువారు తప్పు ఒప్పుకొనిరి. విచారణ సంఘము విధించిన శిక్ష 55 లక్షల పౌనుల జుల్మానా. అప్పటికి ఇంగ్లండులో అంతటి జుల్మానా ఏ క్లబ్బునకును పడలేదు. కాని ఒక్క పాయింటైనను తగ్గింపలేదు. కారణములుగా వారు చెప్పినవి చూడుడు: క్లబ్బు యజమానులు మారిరట, తప్పు ఒప్పుకొనిరట, జనవరిలో ఐనచో పాయింట్ల కోత ఓర్చుకొనదగియుండెడిదట, ఏప్రిలులో కోసినచో క్లబ్బు క్రింది తరగతికి పోవుట నిశ్చయమట, ఆటగాండ్రు, అభిమానులు పడిన శ్రమ వ్యర్థమగునట. దోషి కాలము గడుపుకొని వచ్చినందున శిక్ష భారమగునని దానిని తగ్గించుట యే ధర్మశాస్త్రమున నున్నదో మే మెఱుగము.

తెవెజ్ ఆడుచునే యుండెను. వెస్ట్‌హాం వారు కడపటి తొమ్మిది ఆటలలో ఏడు గెలిచిరి. మే 13వ తేదీన, ఆఖరి దినమున, మాంచెస్టరులో ఆ సంవత్సరపు విజేతలపై ఒక్క గోలుతో గెలిచిరి. ఆ గోలు వేసినవాడు తెవెజే. అదే మధ్యాహ్నమున షెఫీల్డు నగరమున షెఫీల్డ్ యునైటెడ్ వారు విగాన్ చేతిలో 2-1గా ఓడిరి. లెక్క చూడగా వెస్ట్‌హాం వారికి 41, విగాన్, షెఫీల్డులకు 38 చొప్పున వచ్చినవి. గోలుల వ్యత్యాసమున ఒక్క గోలు వెనుకబడి షెఫీల్డు వారు క్రింది తరగతికి దిగిపోయిరి. వెస్ట్‌హాం వారికి మూడు పాయింట్లు తగ్గించియున్నచో ముగ్గురకును 38 వచ్చి, అదే గోలుల లెక్కను వెస్ట్‌హాం వారే దిగవలసియుండెడిది. సీజనంతయు దాచిన తప్పునకు మూడు పాయింట్లు! అంతమాత్రపు కోత చాలియుండెను.

అభిమానుల మాట విచారణ సంఘము చెప్పినది కదా. షెఫీల్డు నగరమున అభిమానులు లేరా? ఉక్కు కార్ఖానాల ఊరది. పనివాండ్ర పిల్లలు ఆ ఎఱ్ఱగీతల చొక్కాకై ప్రాణము పెట్టుదురు. వారు ఏ కాగితమును దాచలేదు. తప్పుచేసినవాని పక్షమున నిలిచినవారిమీద జాలి చూపి, తప్పు చేయనివాని పక్షమున నిలిచినవారిమీద బండ వేయుట దయ యనిపించుకొనదు. 2008 సెప్టెంబరులో, న్యాయమూర్తి లార్డ్ గ్రిఫిత్స్ అధ్యక్షతన కూర్చున్న మధ్యవర్తులు, తెవెజ్ వలన వెస్ట్‌హామునకు కనీసము మూడు పాయింట్లు లాభించెనని షెఫీల్డు వాదమును అంగీకరించిరి. 2009 మార్చిలో రెండు క్లబ్బులును సొమ్ముతో రాజీపడినవి; రెండు కోట్ల పౌనుల వరకు ఉండునని నాడు పత్రికలు వ్రాసినవి. సొమ్ము వచ్చినది గాని స్థానము రాలేదు. షెఫీల్డు వారు 2011లో మూడవ తరగతికి జారి, 2019లో గాని మొదటి తరగతి మొగము మరల చూడలేదు.

ఇక అదే దేశమున, అదే సీజనులో జరిగిన రెండవ కథ. తమ క్లబ్బును యజమానులు వేరొక పట్టణమునకు తరలించుకొనిపోగా, అభిమానులు చందాలు వేసికొని 2002లో నెలకొల్పుకొన్న ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అను చిన్న క్లబ్బు ఇస్త్మియన్ లీగులో ఆడుచుండెను. వారు ఒక ఆటగానిని చేర్చుకొనిరి. అతడు అంతకుముందు కార్డిఫ్ సిటీలో ఉండెను. కార్డిఫ్ క్లబ్బు ఇంగ్లీషు లీగులోనే ఆడును గాని, ఊరు వేల్సుది, సంఘము వేల్సుది. కావున అంతర్జాతీయ బదిలీ పత్రము కావలెను. కార్డిఫునుండి లండనునకు రైలులో రెండు గంటల దారి. అది విదేశమని ఆ చిన్న క్లబ్బు గుమాస్తాకు తోచలేదు. దీనికి వారికి పడిన శిక్ష 18 పాయింట్ల కోత! పదునొకండు ఆటలలో సంపాదించినదంతయు పోయెను. దేశమంతట గగ్గోలు పుట్టి, అప్పీలు మీద అది మూడు పాయింట్లకును 400 పౌనుల జుల్మానాకును తగ్గినది. తగ్గించిన పిమ్మట కూడ లెక్క చూడుడు: ఎఱుగక కాగితము మరచినవానికి మూడు పాయింట్లు, ఎఱిగి కాగితము దాచినవానికి సున్న. కోటలోనివాడు జుల్మానా కట్టును, పేటలోనివాడు పాయింట్లు కట్టును!

జుల్మానా ధనికునకు శిక్ష కాదు, వెల. మొదటి తరగతిలో నిలిచియుండుటవలన టెలివిజను సొమ్ము కోట్ల కొలది వచ్చుచుండగా, అందులో 55 లక్షలు చెల్లించుట వ్యాపారపు ఖర్చులలో ఒకటి. నమోదు నిషేధమను శిక్షయైనను కలవారి పాలిట ఇంచుమించు ఇట్లే యున్నది. బాలుర బదిలీ నియమములు తప్పినందుకు 2014 ఏప్రిలులో బార్సిలోనా వారిని రెండు కొనుగోలు గడువులపాటు ఎవరిని చేర్చుకొనరాదని ఫిఫా శాసించినది. అప్పీలు పేరిట ఆ శిక్ష నిలిచిపోగా, ఆ వేసవిలోనే వారు సువారెజ్ మొదలగువారిని కొనితెచ్చుకొని, డిసెంబరులో అప్పీలు కొట్టివేయబడి నిషేధము అమలులో నున్న 2015లోనే ఐరోపా విజేతలైరి. అదే తప్పునకు 2019లో చెల్సీ వారికి పడిన నిషేధము సగమునకు తగ్గినది. ఆ కాలమున వారు విధిలేక తాము పెంచిన కుఱ్ఱవాండ్రను ఆడించి లీగులో నాలుగవ స్థానమున నిలిచిరి. ఇట్టి శిక్ష ప్రతి యేడును పడిన బాగుండునని మాకు తోచినది! కాని హైదరాబాదు కథ వేరు. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు గెలిచిన మన హైదరాబాదు క్లబ్బు జీతపు బాకీలవలన ఫిఫా నమోదు నిషేధమునకు గురియైనది. ఆటగాండ్రు వెడలిపోగా, క్రొత్తవారిని చేర్చుకొన వీలులేక, 2023-24లో అట్టడుగున నిలిచినది. బాకీ తీర్పనివానిని మేము సమర్థింపము. కాని ఒకే పేరుగల శిక్ష నిండిన కొట్టుగలవానికి ఉపవాసము, ఒట్టికుండవానికి క్షామము అగుచున్నది.

పాయింట్ల కోత యన్నంత మాత్రమున న్యాయమైపోదనుటకు 2014లో పోలెండు దేశపు లీగియా వార్సా క్లబ్బునకు జరిగినదే సాక్ష్యము. వారు స్కాట్లండు వారి సెల్టిక్ జట్టును రెండాటలలో కలిపి 6-1గా ఓడించిరి. రెండవ ఆటలో, ముగింపునకు నాలుగైదు నిమిషములుండగా ఒక ఆటగానిని దింపిరి. అతనికి మూడాటల నిషేధముండెను. మూడాటలు అతడు ఆడలేదు కూడ. కాని వెనుకటి రెండాటలకు అతని పేరు జాబితాలో వ్రాయలేదు గనుక ఆ కూర్చుండుట లెక్కకు రాలేదు! ఆ ఆటను సెల్టిక్ వారు 3-0గా గెలిచినట్లు ఐరోపా సమాఖ్య వ్రాసివేయగా, మొత్తము 4-4యై, పరస్థలపు గోలు వలన సెల్టిక్ ముందునకు పోయెను. నియమమున కక్షరము తప్పలేదు. ఐనను ఆ నాలుగు నిమిషములలో లీగియా వారు దొంగిలించినది ఏమియు లేదు.

కావున మేము కోరునది కఠినత్వము కాదు, తారతమ్యము. దాచినవానిని మరచినవానిని ఒకే కాటాలో తూచరాదు. దాచినచో పాయింట్లు పోవలెను. ఆ ఆటగాడు ఆడిన ఆటలన్నిటి లెక్కన పోవలెను. అది ఏప్రిలా, జనవరియా యని చూడరాదు. మరచినచో ఆ యొక్క ఆట ఫలితముతో సరిపెట్టవలెను. ఈ కొలతలు సీజనునకు ముందే అచ్చువేసి ప్రతి క్లబ్బునకును ఇయ్యవలెను. నేడు నమోదులన్నియు కంప్యూటరు ద్వారా జరుగుచున్నవి. ఏ ఆటగాడు ఏ దినమున అర్హుడో ఆటకు ముందటి సాయంకాలమే రెండు జట్లకును చూపించుట అసాధ్యము కాదు. ఫెడరేషను వారే ఆ జాబితా యిచ్చినచో తప్పు జరుగుటకే సందు తగ్గును. అది యుండియు తప్పినవాడు మరచితినని చెప్పుకొన వీలులేదు.

క్లబ్బులు అప్పీలు చేసికొను హక్కును మేము కాదనుట లేదు. లోజానునకు పోవు త్రోవ మూయుమనియు అనుట లేదు. ఆ త్రోవ లేకున్నచో ఇంటర్ కాశీ వారికి దక్కవలసినది దక్కియుండెడిది కాదు. కాని ఇచటి సంఘములు జనవరిలో జరిగిన ఆటమీద ఆ మాసమునందే కడపటి మాట చెప్పియున్నచో, ఓడినవారు ఫిబ్రవరిలోనే లోజానునకు పోయెడివారు, ఆటలు సాగుచుండగనే తీర్పు వచ్చియుండెడిది. చర్చిల్ బ్రదర్సు వారు ఏప్రిలులో విజేతలనిపించుకొని జూలైలో కాకపోవు అవమానము తప్పెడిది. ఐ-లీగు గెలిచినవారికి పై తరగతియైన ఇండియన్ సూపర్ లీగునకు అర్హత కలదు. ఏ తరగతిలో ఆడుదుమో తెలియక ఒక క్లబ్బు ఆటగాండ్రతో ఒప్పందములు చేసికొనుట యెట్లు? ఆ మూడు మాసములు ఆ రెండు క్లబ్బుల యువకులు ఇంటికడ కూర్చుండి ఏ ఉత్తరువునకై యెదురుచూచిరో ఫెడరేషను వారు ఒక్కసారి వారినే పిలిచి అడుగవలెను. అడిగిన తరువాత, రాబోవు సీజనులో మొదటి ఆటకు ముందుగా, ఏ తప్పునకు ఎన్ని పాయింట్లో, ఎన్ని దినములలో తీర్పో, ఒక పుటలో వ్రాసి ప్రకటింపవలెను.